తుపాను వెలిసిన తరువాత

శ్రీకాకుళమునకు ఆనుకొనియున్న అరసవల్లిలో ఏటా మార్చి, అక్టోబరు నెలలయందు కొన్ని ఉదయములు సూర్యకిరణములు గర్భాలయము చొచ్చి స్వామి పాదములను తాకును. మబ్బు పట్టినచో ఆ దర్శనము దొరకదు. వచ్చినవారు మరునాడు తెల్లవారుజామున మరల వచ్చి నిలుచుందురు. అట్లు నిలుచున్నవారిలో ఉద్దానపు రైతు ఒకరు మాకు తటస్థపడినారు.

“గాలేత్తే సాలు బాబూ, గుండె దడ. సెట్లు పడిన సప్పుడు ఇంకా సెవిలోనే ఉన్నాది” అన్నారాయన.

2018 అక్టోబరు 11వ తేదీన, తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినది. గాలి గంటకు 140 కిలోమీటర్లకు మించి వీచినది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి. కొబ్బరి నాటి కాపు చూడవలెనన్న ఆరేడేండ్లు. పోయిన చెట్లు పరిహారపు లెక్కలలోనికి ఎక్కినవి. పోయిన నిద్రను లెక్క వ్రాసినవారు లేరు.

ఆ దడ పిరికితనము కాదు. ప్రాణముమీదికి వచ్చిన అపాయమును శరీరము మరువదు. అటువంటి చప్పుడు వినబడగానే, ఆలోచన అందుకొనక మునుపే, గుండె వేగము హెచ్చును. ఊపిరి పైపైన ఆడును. ఆ క్షణమున మనసునకు ధైర్యము చెప్పుటకంటె శరీరమును నెమ్మదింపజేయుట సులువు. పాదములు నేలకు ఆనించి, తీసికొన్న ఊపిరిని ఇంకను నెమ్మదిగా విడువవలెను. ఎదుటనున్న గుంజను, చెంబును, పాదున ఉన్న తీగను పేరుపేరున చెప్పుకొనవలెను. ఇది ఆ రాత్రి కాదని శరీరమునకు అట్లు తెలిసివచ్చును. పిల్లల ఆటవలె ఉన్నదని మేమును మొదట నవ్వితిమి. ఒక రాత్రి మాకే అవసరము పడినది, తరువాత నవ్వలేదు.

దిగులు తీరు వేరు. అది మనిషిని కూర్చుండబెట్టును, కూర్చున్నకొలది పెరుగును. మనసు కుదిరిన పిమ్మట పని చేయుదమనుకొన్నచో మనసు కుదరదు. పని మొదలిడిన పిమ్మట కొంత కుదురును. ఆ రైతు పొద్దున్నే ఎండలోనికి వచ్చి నాలుగు మొక్కలకు నీరు పోయుదురట. నాలుగే, అయిదవది మరునాటికి. ఉదయపు వెలుగు కంటబడిన రాత్రి నిద్ర వేళకు వచ్చునని వైద్యులును చెప్పుదురు. సారాయి నిద్రను తెచ్చినట్లే తెచ్చి అర్ధరాత్రి లాగికొనిపోవును.

రేడియోవారమై యుండియు ఒక మాట చెప్పవలసియున్నది. వాయుగుండము పడినదనగానే దినమంతయు వార్తలయొద్దనే కూర్చుండకుడు. వేళకు హెచ్చరిక వినుడు. బియ్యము, దీపము, కాగితములు భద్రపరచుకొనుడు. తరువాత మీట తిప్పివేయుడు.

ఇంటివారు “అయినదేదో అయినది, మరచిపొమ్ము” అనకుండుట మేలు. చెప్పినంతవరకు విని, చెప్పనిచో ప్రక్కన కూర్చున్నను చాలును. నిద్ర, ఆకలి, పని రెండు వారములకు మించి చెడినచో వైద్యుని చూడవలెను. బ్రతుకు వలదను తలంపు వచ్చినచో ఒక్క పూటయైనను ఆగరాదు. ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 అంకెపై రాత్రింబవళ్ళు, ఖర్చు లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును.

ఆ అంకె చెప్పగా రైతు రెండుమారులు అడిగి చీటీమీద వ్రాయించుకొన్నారు.

“నాకు కాదు బాబూ, మా ఇంటిదానికి. అది సెప్పదు గానీ, నాకన్నా దానికే నిద్దర్లేదు” అన్నారు.