వన్స్‌మోర్ కొట్టిన చేతులు

(తుక్కుగూడలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పద్యనాటకం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను నటుణ్ణి కాను, గాయకుణ్ణీ కాను. తెల్లవార్లూ చాపమీద కూర్చుని నాటకాలు చూసినవాణ్ణి. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో శ్రీకృష్ణుడి వేషం కట్టడం సామాన్యం కాదు. మైకులు లేని రోజుల్లో పద్యం ఆఖరి వరసకు వినబడాలి. గొంతు తెల్లవారుజాము దాకా నిలవాలి. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారు.

విమర్శకుల ఫిర్యాదు ఒక్కటే. సంధా, సమరమా తేల్చవలసిన కౌరవసభలో కృష్ణుడు ఒక్క అక్షరం పట్టుకుని రాగం తీస్తూ ఉంటే, పాపం దుర్యోధనుడు ఏం చేస్తూ కూర్చోవాలి? బళ్ళారి రాఘవగారు (1880-1946) ఈ పాట మోజును కాదని, భావానికి పెద్దపీట వేసి నటించి చూపించారు. మరోవైపు ఈలపాట రఘురామయ్యగారి (1901-1975) రాగాలకు జనం నీరాజనాలు పట్టారు. 1973లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమూ ఆయనను వరించింది. ఇద్దరూ మహానటులే.

ఈ తగవు మనది మాత్రమే కాదు. జర్మనీవాడైన వాగ్నర్ రాసిన సంగీత నాటకాల్లో వీరనాయకుడు పెద్ద వాద్యబృందాన్ని మించి, గంటల తరబడి హెచ్చుస్థాయిలో పాడాలి. డెన్మార్కువాడైన మెల్షియోర్ (1890-1973) వాటిలో ట్రిస్టాన్ పాత్రను రెండువందల సార్లకు పైగా పాడాడు. ఆ కంఠాన్ని అందరూ మెచ్చుకున్నారు. కాలప్రమాణం తప్పుతాడని విమర్శకులు తప్పుపట్టారు. 1865లో మ్యూనిక్‌లో ఆ పాత్రను మొదట పాడిన ష్నోర్, నాలుగు ప్రదర్శనలు ముగిసిన మూడు వారాల్లోపే 29 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పాత్రే పొట్టన పెట్టుకుందని కొందరు, జబ్బు అని కొందరు అన్నారు.

ష్నోర్ కథ చదివినప్పుడు నాకు మా ఊరి రాత్రి ఒకటి గుర్తొచ్చింది. కృష్ణుడి పద్యానికి మేం కుర్రాళ్లం మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టాం. మూడోసారి పైస్థాయిలో ఆయన గొంతు జీర పోయింది. తరువాతి రంగంలో మాట పెగలకపోతే ఈలలు వేసి గోల చేసిందీ మేమే. తెల్లవారి టీకొట్టు దగ్గర ఆయన మెడకు తువ్వాలు చుట్టుకుని, ఇంకో గ్లాసు కావాలని సైగతో అడుగుతున్నాడు. పక్కనున్న హార్మోనిస్టు నాతో, "ఈ రాత్రికి ఇంకో ఊళ్లో ఆట ఉంది బాబూ" అన్నాడు. నేను తలదించుకుని ఇంటికి వచ్చేశాను.

నటుణ్ణి తూచిన విమర్శకులున్నారు. ప్రేక్షకుణ్ణి తూచినవారు తక్కువ. పాట ఎక్కువైందని నటుణ్ణి ఆక్షేపించే ముందు, పాడించిందెవరో కూడా చూడాలి.

మనకు నెల తిరిగేసరికి పింఛను వస్తుంది. అరిగిన గొంతులకు అంత భరోసా లేదు. అందుకే ఒక మనవి. వచ్చే ఏడు మన సమావేశానికి ఒక వృద్ధ రంగస్థల కళాకారుణ్ణి పిలుద్దాం. సన్మానపు డబ్బు ముందే చేతిలో పెడదాం. ఆయన ఓపికున్నంత పాడతారు. ఎవరూ వన్స్‌మోర్ అనవద్దు.