మెషిన్ ఇచ్చాం, మెయింటెనెన్స్ మరిచాం

వినడానికి వీలుకాని వాళ్ల కోసం ఎప్పట్లాగే ఈ ఎపిసోడ్ మాటలు ఇక్కడ పెడుతున్నాం. ఈసారి గెస్ట్ ఎవరూ లేరు, నేనొక్కడినే. విషయం: మనం చదువుకున్న ఇంజినీరింగ్ కాలేజీకి డబ్బులివ్వడం.

ముందు మా సొంత కథ. సిల్వర్ జూబిలీకి మా మెకానికల్ బ్యాచ్ వాళ్లం తలా 500 డాలర్లు వేసుకుని కాలేజీ ల్యాబ్‌కి ఒక 3డి ప్రింటర్ కొనిచ్చాం. రిబ్బన్ కటింగ్, శాలువాలు, ఫోటోలు, అన్నీ అయ్యాయి. పోయిన డిసెంబర్‌లో ఇండియా వెళ్లినప్పుడు చూద్దామని వెళ్లాను. ప్రింటర్ మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద దుమ్ము. నాజిల్ పాడైందట, సర్వీస్ కాంట్రాక్ట్ మొదటి ఏడాదితోనే అయిపోయిందట. గోడ మీద మా బ్యాచ్ పేరున్న రాతిపలక మాత్రం మెరిసిపోతోంది. ల్యాబ్ అసిస్టెంట్ ఒక మాటన్నాడు: "సార్, మిషన్ మీరిచ్చారు. దానికి తిండెవరు పెడతారు?" నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఇంకోవైపు చూడండి. 2024 మే 30న మన శ్రీహరికోట నుంచి అగ్నికుల్ కంపెనీ రాకెట్ ఎగిరింది. దాని ఇంజిన్ 3డి ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా చేసింది. ఆ కంపెనీ పెరిగింది ఐఐటీ మద్రాస్ క్యాంపస్‌లో. అదే ఏడాది ఆగస్టులో ఆ ఐఐటీకి రూ. 228 కోట్ల విరాళం ప్రకటించారు. ఇచ్చినాయన కృష్ణ చివుకుల గారు, మన బాపట్లలో పుట్టినవారు, 1970లో అక్కడే ఏరోస్పేస్‌లో ఎం.టెక్ చేశారు. ఇక 2023-24లో ఆ సంస్థ పూర్వ విద్యార్థులు, కంపెనీలు, ఇతర దాతల నుంచి మొత్తం రూ. 513 కోట్లు సేకరించింది.

నన్ను ఆపింది ఆ అంకె కాదు. చివుకుల గారి డబ్బు దేనికి వాడతారో చెప్పిన జాబితా: పరిశోధనకి గ్రాంట్లు, ఫస్ట్ ఇయర్ పిల్లలకి ఫెలోషిప్‌లు, విదేశీ విద్యార్థులకి, క్రీడాకారులకి స్కాలర్‌షిప్‌లు, ఒక పత్రిక. వీటితో పాటు ఆయన పేరు పెట్టిన బ్లాక్ నిర్వహణ ఖర్చు. చూశారా? పేరు పెట్టుకున్న బిల్డింగ్‌కి తిండి కూడా ఆ లెక్కలోనే ఉంది.

ఐఐటీకి కేంద్రం డబ్బుంది, మా కాలేజీకి లేదు, పోలికే తప్పు అంటారేమో. నిజమే. కానీ పద్ధతి నేర్చుకోడానికి కోట్లు అక్కర్లేదు కదా. 5 లక్షలు నిధిగా పెట్టి, అసలు ముట్టకుండా 7 శాతం వడ్డీ వాడితే ఏడాదికి 35 వేలు. ఒక ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి సామాను, చిన్న రిపేర్లు దాంతో గడుస్తాయి.

ఇక్కడున్న మనకి రెండు చిక్కులు. ఒకటి, ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే వస్తుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే. అందుకే విదేశీ విరాళం తీసుకునే వీలుందా అని కాలేజీని ముందే అడగండి. రెండు, ఇండియా కాలేజీకి నేరుగా పంపితే ఇక్కడ టాక్స్ మినహాయింపు రాదు. అమెరికాలో రిజిస్టరైన, మినహాయింపు ఉన్న సంస్థ ద్వారా వెళ్లాలి. మీ ఆఫీసులో విరాళానికి మ్యాచింగ్ ఉంటే అదీ కనుక్కోండి.

మా బ్యాచ్ గ్రూపులో గట్టి వాదనే జరిగింది. "మళ్లీ డబ్బులా, వాళ్లు మారరు" అని సగం మంది. నేను కాలేజీని వెనకేసుకు రాలేదు. కొన్నది మనం, కొనేముందు ఆ ల్యాబ్ అసిస్టెంట్‌ని ఒక్క మాట అడగనిదీ మనమే అన్నాను. చివరికి కొత్త మెషిన్ వద్దు, పాతదాన్ని బాగు చేయించి మూడేళ్ల సర్వీస్‌కి కడదాం అనుకున్నాం. ఈసారి శాలువాలు లేవు, పలక లేదు.

మీ బ్యాచ్ ఇచ్చిన వస్తువు ఇప్పుడెలా ఉందో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. ప్రిన్సిపాల్ గారికి కాదు, ల్యాబ్ తాళాలు ఎవరి దగ్గరుంటాయో వాళ్లకి. ఏం చెప్పారో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. ఉంటానండీ.