గిడ్డంగిలో గాలి పరీక్ష



రేపల్లె, బాపట్ల మాగాణుల్లో వరి తర్వాత మినుము, పెసర వేయడం మీరెరిగినదే. ఆ పంట తెనాలి మిల్లుకు చేరినా, వూళ్లో గిడ్డంగికి చేరినా పుచ్చు పురుగు బెడద తప్పదు. అందుకని శిక్షణ పొందినవారు బస్తాల నెట్టు మీద పట్టా కప్పి, అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలతో ఊదర పెడతారు. 3 గ్రాముల బిళ్లకు తేమ తగిలితే 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. పురుగును చంపేది అదే. మనిషిని చంపేదీ అదే.

పట్టా తీసి, తలుపులు తెరచి గాలి ఆడనిచ్చాము, ఇక హమాలీలను లోపలికి పంపవచ్చునా? "వాసన రావడం లేదుగా, వెళ్లండి" అంటారు కొందరు. అది చాలా ప్రమాదం. శుద్ధమైన ఫాస్ఫీనుకు వాసన లేదు. వెల్లుల్లి వాసన, కుళ్లిన చేపల వాసన అందులోని మలినాలది. వాసన పోయినా వాయువు మిగిలి వుండవచ్చును.

కాబట్టి గాజు గొట్టమూ, చేతి పంపూ పెట్టి గాలిని పరీక్షించాలి. ఆ పరీక్షను నమ్మేముందు సాధనాన్నే పరీక్షించవలెను. అదెలాగంటారా?

ఒకటి: కొనలు విరవని గొట్టం పంపుకు తగిలించి పిడి లాగి, ఒక నిమిషం ఆగి వదలండి. పిడి మొదటి చోటికి తిరిగి రాకపోతే పంపు గాలి పీలుస్తున్నట్లే. అది పనికిరాదు.

రెండు: గొట్టం గడువు తేదీ చూడండి. బాణం గుర్తు పంపు వైపు వుండాలి. ఎన్నిసార్లు లాగమన్నారో అన్నిసార్లే లాగండి.

మూడు: గుమ్మం దగ్గర చూసి వూరుకోవద్దు. ఫాస్ఫీన్ గాలికన్న కొంచెం బరువు. మూలల్లో, నేలమట్టాన, నెట్ల సందుల్లో చూడండి. పరీక్షించే మనిషికి తగిన మాస్కు వుండాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఆగే వాయువు కాదు.

నాలుగు: మీటరు వాడితే, కొలత తెలిసిన వాయువును దానికి చూపించి, సరిగా చెబుతున్నదో లేదో ముందు తేల్చుకోండి.

8 గంటల పనికి 1948 నాటి కర్మాగారాల చట్టం పెట్టిన హద్దు పది లక్షల పాళ్ల గాలిలో 0.3 పాలు. మంచి గొట్టం కూడా నూటికి 25 వంతుల వరకు అటూ ఇటూ చెప్పవచ్చును. అనగా 0.25 చూపినా నిజానికి 0.3 దాటి వుండవచ్చు. హద్దు దగ్గర అంకె కనబడితే తలుపులు ఇంకా తెరచి వుంచి, మళ్లీ పరీక్షించండి.

ఒక పూట ఆలస్యమైతే బస్తాలకు వచ్చే నష్టం లేదు. హమాలీ ప్రాణం పోతే తిరిగి రాదు.