విషమునకు విరుగుడు, మారువేషమున
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



పురుగుమందు డబ్బా లేని రైతు కొట్టము మన ప్రాంతమున అరుదు. ఆ మందులలో ఒక జాతికిని, యుద్ధములకై చేసిన నాడీవిషములకును వంశమొక్కటే. 1936లో జర్మనీయందు గెర్‌హార్డ్ ష్రాడర్ అను రసాయనజ్ఞుడు పురుగులను చంపు మందును వెదకుచు టాబున్ అను ఘోరవిషమును కనుగొనెను. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో వదలిన సారిన్ దాని తోబుట్టువే.

నాడి కండరమునకు ఆజ్ఞ నిచ్చునపుడు అసిటైల్‌కోలిన్ అను పదార్థము వెలువడును. పని ముగియగనే దానిని తుడిచివేయుటకు ఒక ఎంజైము కలదు. విషము ఈ ఎంజైమును బంధించును. అంతట ఆజ్ఞ ఆగదు. చొంగ, చెమట, కండరముల అదురు, సూదిమొనయంత కనుపాప, తుదకు ఊపిరి నిలుచుట.

అట్రోపిన్ చొంగను, ఊపిరితిత్తుల నీటిని అరికట్టునే గాని ఎంజైమును విడిపింపదు. విడిపించు మందు ప్రాలిడాక్సిమ్. 1955లో అమెరికాలో ఇర్విన్ విల్సన్ ప్రభృతులు దీనిని వెలువరించిరి. అయితే దానికి విద్యుదావేశము కలదు. అట్టి వస్తువును మెదడు వాకిటి కావలి సులభముగ లోనికి రానీయదు. మెదడులోని ఎంజైము మాత్రము బందీగనే యుండును.

1975లో బోడార్, షెక్, హిగుచీ అను శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము చూపిరి. ఆ మందునకు హైడ్రోజను చేర్చి ఆవేశమును తీసివేసిరి. అది కావలి దాటి, లోపల ఆక్సీకరణము చెంది, మరల ప్రాలిడాక్సిమ్ అగును. విరాటుని కొలువులో బృహన్నల యై చేరి, సమయమునకు గాండీవమెత్తిన అర్జునుని వంటిది! ఇట్టి దానిని ‘ప్రోడ్రగ్’ అందురు. జంతువులపై ప్రయోగములు జరిగినవి గాని, వైద్యశాలలలో వాడుకకు ఇంకను రాలేదు.

కాలమొక చిక్కు. బంధింపబడిన ఎంజైము ముడి క్రమముగ బిగిసిపోవును. పిదప ఏ ఆక్సిమును విప్పలేదు. సోమన్ విషమునకు నిమిషములే గడువు. పురుగుమందులకు కొన్ని గంటలు మొదలు ఒకటి రెండు దినములు. పురుగుమందు రోగులకు ప్రాలిడాక్సిమ్ ఎంత మేలు చేయునో వైద్యులలోనే భిన్నాభిప్రాయములు కలవు. అట్రోపిన్‌కును, ఊపిరి నిలుపుటకును అట్టి వివాదము లేదు.

కావున మందు మీద పడినచో బట్టలు విప్పి, సబ్బునీటితో ఒడలు కడిగి, ఆసుపత్రికి కొనిపోవలెను. కడుగువారు చేతులకు తొడుగులు వేసికొనవలెను. మింగినవానికి ఉప్పునీళ్లు త్రాగించి వాంతి చేయింపరాదు. ఆ డబ్బాను వెంట తీసికొని పొండు. మందు మరియొక జాతిదైనచో చికిత్స వేరు. దానిపై పేరు చదివియే వైద్యుడు నిర్ణయించును.