కేక అందని దూరం

సత్తుపల్లి గనుల నుండి బొగ్గు తీసుకొని బయలుదేరిన లారీ అడవిదారిలో ఆగిపోయినదనుకొందాము. కబురు పంపితే మరమ్మతు చేసేవాడు వస్తాడు. ఒక పూట ఆలస్యమైనా బండి కదులుతుంది. గ్రహాల మధ్యకు పంపిన అంతరిక్షనౌకకు ఆ అదృష్టం లేదు. దాని వద్దకు మనిషి పోలేడు. పోగలిగినది రేడియో తరంగమొక్కటే. అది కూడ తక్షణమే చేరదు. దూరగ్రహాల అన్వేషణలో గల చిక్కులలో పెద్దది ఇదే.

రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చంద్రుణ్ణి చేరడానికి దానికి ఒక సెకను పైచిలుకు చాలును. కుజుని సంగతి వేరు. 2013 నవంబరు 5న పులికాట్ సరస్సు చెంతనున్న శ్రీహరికోట నుండి లేచిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24న కుజుణ్ణి సమీపించే వేళకు మనకు 22 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. అక్కడి కబురు ఇక్కడికి రావడానికి 12 నిమిషాలకు మించి పట్టినది.

ఆనాడు నౌక వేగాన్ని తగ్గిస్తేనే కుజుని ఆకర్షణకు అది లోబడుతుంది. అందుకు ప్రధానమైన ఇంజను సుమారు 24 నిమిషాలు మండవలెను. మండకపోతే నౌక కుజుణ్ణి దాటిపోయి మరి తిరిగి రాదు. ఇంజను అంటుకొన్నదన్న వార్త భూమికి చేరేసరికే అక్కడ సగం పని ముగుస్తుంది. లోపం కనిపెట్టి ఆజ్ఞ పంపినా, అది చేరేది అంతా అయిన తరువాతనే. పైగా నడుమ నౌక కుజుని చాటుకు పోయినందున మాట పూర్తిగా తెగిపోయినది.

మరొక భయమున్నది. ఆ ఇంజను అప్పటికి 300 రోజులుగా నిద్రలో ఉన్నది. ఒకసారి ఇంధనం పారిన గొట్టాలు, కవాటాలు అన్నాళ్ళకు చెడిపోవచ్చును. అందుచేత ఇస్రో శాస్త్రజ్ఞులు ఇంధనానికి రెండవ దారిని ముందే అమర్చినారు. చేయవలసిన పనులన్నింటినీ వరుసగా, కొన్ని రోజుల ముందే, నౌకలోని కంప్యూటరుకు నేర్పినారు. సెప్టెంబరు 22న ఇంజనును సుమారు 4 సెకన్లు మండించి చూచినారు. అది మొరాయిస్తే 8 చిన్న ఇంజన్లతోనైనా గట్టెక్కే ఉపాయం సిద్ధం చేసుకొన్నారు. ఆ అవసరం కలుగలేదు. 6 నెలల పనికై నిర్మించిన నౌక 2022 దాకా పనిచేసినది.

దూరం తగ్గినంత మాత్రాన అపాయం తగ్గదు. 2019 సెప్టెంబరు 7న చంద్రునిపై దిగబోయిన విక్రమ్ కూలిపోయినది. ఇంజన్లు అనుకొన్నదానికంటె ఎక్కువ బలమిచ్చినవి. ఆ తేడాలు పోగుపడినవి. వాటిని త్వరగా దిద్దుకొనే శక్తి నౌకకు చాలలేదు. దిగవలసిన చోటు కూడ అర కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు. చంద్రయాన్-3కు ఆ చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచినారు. ఇంధనం అధికంగా ఇచ్చినారు. 2023 ఆగస్టు 23న అది క్షేమంగా దిగినది.

వ్యవధి ఉన్నచోట ఓర్పు కూడ ఆయుధమే. 1977లో అమెరికా పంపిన వాయేజర్-1 సూర్యకాంతి చాలని దూరంలో, ప్లుటోనియం వేడి నుండి పుట్టే విద్యుత్తుతో నడుస్తూ వచ్చినది. 2023 నవంబరులో దాని కంప్యూటరులోని ఒక చిప్పు చెడి, పంపే మాటలన్నీ అర్థరహితమైనవి. ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికి దాదాపు 45 గంటలు! అయినను ఇంజనీర్లు కారణం కనుగొని, చెడిన భాగంలోని ఆజ్ఞలను ముక్కలు చేసి వేరుచోట్ల సర్ది, 2024 ఏప్రిల్‌లో దానిచేత మరల తెలివిగా మాట్లాడించినారు.

కనుక, ప్రయోగవార్త విన్న శ్రోతలు రాకెట్టు లేచినంతనే పని ముగిసినదని తలపరాదు. అసలు పరీక్ష నెలల తరువాత, మన కేక అందని చోట జరుగుతుంది. దానికి జవాబులు వ్రాసిపెట్టవలసినది మాత్రం ముందుగా, నేలమీదనే.