సొలిసిటరు కావాలంటే ఏ దారి?

ఇంగ్లండు వకీలు అనగానే మనకు బారిస్టర్ పార్వతీశం గుర్తుకొస్తాడు. కోర్టులో నిలబడి వాదించేది ముఖ్యంగా బారిస్టర్లు. ఇల్లు కొన్నా, వీలునామా రాసినా, వీసా చిక్కొచ్చినా జనం ముందుగా వెళ్ళేది సొలిసిటరు దగ్గరికే. అక్కడ మొదటి మహిళా సొలిసిటరు క్యారీ మారిసన్. 1922 డిసెంబరులో ఆవిడ పేరు నమోదయ్యేటప్పటికి ముప్పైనాలుగేళ్ళు. నేను ఆవిడకన్నా ఆలస్యంగా మొదలుపెట్టాను లెండి.

లెస్టరులో పన్నెండేళ్ళు లెక్కల టీచరుగా చేశాను. ముప్పైతొమ్మిదో ఏట ఆ పని మానేసి లా చదువుతానంటే మావారు, "సరే గానీ, ముందు ఖర్చు లెక్క వెయ్యి" అన్నారు. పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, ఆ ఒక్క లెక్కా వెయ్యకుండా వెళ్ళి ఏడాది కోర్సులో చేరిపోయాను. ఇంటికోసం దాచుకున్న డబ్బులో పెద్ద భాగం దానికే పోయింది. కోర్సు చెడ్డదనను. అది లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరని అనుకున్నాను చూడండీ, అదీ నా పొరపాటు.

పాత పద్ధతిలో అయితే నిజంగానే కోర్సులు తప్పవు. వేరే డిగ్రీ వాళ్ళు ఏడాది లా కోర్సు, తరవాత ఎల్.పి.సి., ఆపైన ఏదైనా ఆఫీసులో రెండేళ్ళ ట్రైనింగ్ కాంట్రాక్టు. ఆ కాంట్రాక్టు దొరక్క ఎల్.పి.సి. పాసై ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఎందరో. 2021 సెప్టెంబరులో ఎస్.క్యు.ఇ. అనే కొత్త పద్ధతి వచ్చింది. అంతకుముందే లా చదువులో అడుగుపెట్టినవాళ్ళకు మాత్రం పాత దారి 2032 దాకా ఉంది. నాబోటి వాళ్ళకు లేదు.

కొత్త పద్ధతిలో కావలసినవి ఇవీ: ఏదో ఒక డిగ్రీ, రెండు భాగాల పరీక్ష, రెండేళ్ళ పని అనుభవం, మంచి నడత. మొదటి భాగంలో 360 ప్రశ్నలు, అన్నీ సరైన జవాబు గుర్తుపెట్టేవే. తేలికనుకోకండి, సుమారు సగంమందే గట్టెక్కుతారు. రెండో భాగంలో కక్షిదారుతో మాట్లాడటం, ఉత్తరం రాయటం, దస్తావేజు తయారుచేయటం చూస్తారు. ఫీజు 2021లో మొత్తం 3,980 పౌండ్లు, 2024 సెప్టెంబరుకి 4,790 అయింది. ఆరేళ్ళలో మూడుసార్లే రాయనిస్తారు. తప్పితే మళ్ళీ ఫీజు కట్టాల్సిందే. నేను ఒకసారి తప్పాను, కట్టాను.

పని అనుభవం సంగతి కాస్త నిదానంగా వినండి. నాలాంటి గృహిణికి ఆశ చిగురించేది అక్కడే. రెండేళ్ళూ ఒకేచోట చెయ్యనక్కర్లేదు, నాలుగు చోట్ల దాకా పంచుకోవచ్చు. సగంపూట పనికి సగమే లెక్క. పరీక్షకు ముందూ చెయ్యవచ్చు, తరవాతా చెయ్యవచ్చు. జీతంలేని న్యాయసలహా కేంద్రంలో చేసినా చెల్లుతుంది. ఫలానా కాలం చేసిందని ఒక సొలిసిటరు ధ్రువపరచాలి, అంతే. ఇది తెలియక, కోర్సు చదివినన్నాళ్ళూ ఎక్కడా పనిచెయ్యలేదు నేను. ఏడాది వృథా అయింది.

ఆఫీసే ఖర్చు పెట్టుకునే అప్రెంటిస్ దారి కూడా ఉంది. కానీ 2026 జనవరి నుంచి, కొద్ది మినహాయింపులు తప్పించి, ఇరవైరెండేళ్ళు నిండి కొత్తగా చేరేవాళ్ళకు సర్కారు డబ్బు ఆగిపోయింది. సంసారంలో పడ్డాక వచ్చే వాళ్ళకు అది అందని పండే. ఇక్కడ అడ్వకేటుగా నమోదైన కోడలో, చెల్లెలో అక్కడికి వెళితే మాత్రం ఆ రెండేళ్ళ పని అడగరు. బార్ కౌన్సిల్ కాగితాలు ఆ అమ్మాయి పెట్టెలోనే సర్దండి.

కొత్తగా వెళ్ళేవాళ్ళు నన్ను అడిగితే, ముందు చిన్న ఆఫీసులో పారాలీగల్‌గా చేరమంటాను. జీతం తక్కువే, ఫైళ్ళు మొయ్యాలి. ఆ పని నచ్చుతుందో లేదో ఆర్నెల్లలో తేలిపోతుంది. నచ్చితే అప్పుడు కోర్సుకి డబ్బు కట్టొచ్చు.

నా మొదటి ఫైలు ఒక తెలుగు విద్యార్థినిది. ఇంటాయన ఆ పిల్ల అద్దె అడ్వాన్సును చట్టప్రకారం ముప్పై రోజుల్లో రక్షణ పథకంలో పెట్టలేదు. ఉత్తరం నేను రాశాను, మా సొలిసిటరుగారు నాలుగుచోట్ల ఎర్రసిరాతో దిద్దారు. మూడోవారం ఆ పిల్ల డబ్బు తిరిగొచ్చింది. ఆ దిద్దిన కాగితం దాచుకున్నాను. నా రెండేళ్ళ లెక్క ఆ తేదీ నుంచే మొదలు.