అతిథి ధర్మము – తీర్థ ధర్మము

(కందకుర్తి త్రివేణీ సంగమ తీరమున కార్తిక మాస ప్రవచనముల ముగింపునాడు చేసిన ప్రసంగము)



మనమందరం ఈనాడు కూర్చున్న చోటు సామాన్యమైనది కాదు. త్ర్యంబక క్షేత్రంలో పుట్టిన గోదావరి మహారాష్ట్ర భూమిని దాటి తెలుగు నేలపై అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర వచ్చి ఆమెలో లీనమయ్యేది ఇక్కడే. హరిద్రానది కలిసేదీ ఇక్కడే. హరిద్ర అంటే పసుపు. పసుపు పంటకు పేరుమోసిన ఇందూరు సీమలో ఏటికి కూడా పసుపు పేరే ఉండటం ఎంత మంగళకరం! నది నడుమ నిలిచిన ఆ పురాతన శివాలయాన్ని మీరందరూ దర్శించే ఉంటారు. వరద వస్తే స్వామి గోదావరిలో మునుగుతాడు, వరద తీస్తే మళ్ళీ మనకు దర్శనమిస్తాడు.

ఇటువంటి చోట పుట్టి పెరగటం పూర్వజన్మ సుకృతం. అయితే పుణ్యస్థలంలో నివసించేవారికి ఒక బాధ కూడా ఉన్నది. యాత్రికులు పర్వదినం నాటి తీర్థాన్ని చూస్తారు. మేము మరునాటి తీర్థాన్ని చూస్తాము.

కార్తిక పౌర్ణమి మరునాటి ఉదయం ఒక్కసారి ఈ మెట్ల మీద నిలబడి చూడండి. రాత్రి వెలిగించిన దీపాల కింద పెట్టిన థర్మకోల్ గిన్నెలు, పసుపు కుంకుమలు తెచ్చిన పాలిథీన్ సంచులు, షాంపూ పొట్లాలు, పులిహోర తిని పారవేసిన ప్లాస్టిక్ పళ్ళేలు, స్నానం చేసి విడిచిన బట్టలు. వీటన్నిటికంటే మనస్సును నొప్పించేది మరొకటి ఉన్నది. అద్దం పగిలిన దేవుళ్ళ పటాలను తెచ్చి ఇక్కడ వదిలిపోతారు. నిన్నటి దాకా హారతి పట్టిన లక్ష్మీదేవి పటం బురదలో బోర్లా పడి ఉంటుంది. అలీసాగర్ కట్ట మీద, అశోకసాగర్ బండల నడుమ విహారానికి వచ్చేవారు సీసాలు పగులగొట్టి పోతున్నారని మనం చీకాకు పడుతుంటాం. వారు విహారానికి వచ్చినవారు. మనం భక్తితో వచ్చినవారం. విడిచిపెట్టిపోయే వస్తువులలో మాత్రం ఇద్దరికీ పెద్ద భేదం కనిపించటం లేదు.

ఈ గోదావరి ఎందుకు పుట్టినదో ఒక్కసారి స్మరించుకుందాం. గౌతమ మహర్షి ఆశ్రమంలో పైరు పచ్చగా ఉన్నది. ఒక గోవు వచ్చి ఆ పైరును మేయసాగినది. మహర్షి దానిని కొట్టలేదు, తిట్టలేదు. చేతిలో ఉన్న దర్భపోచతో అదిలించాడు. ఆ గోవు అక్కడికక్కడే కూలిపోయినది. అది ఇతరులు అసూయతో కల్పించిన మాయా గోవు అని పురాణం చెబుతున్నది. అయినా మహర్షి, "నా తప్పేమున్నది? నేను వేసినది గడ్డిపోచ కదా!" అనలేదు. తన చేతి నుండి జారినదాని ఫలితానికి తానే బాధ్యుడనని తలంచాడు. ఘోర తపస్సు చేసి, పరమేశ్వరుని మెప్పించి, ఆయన జటాజూటం నుండి గంగను దింపాడు. ఆమెయే గౌతమి, ఆమెయే గోదావరి. అనగా ఈ నది పుట్టుకయే ఒక ప్రాయశ్చిత్తం. ఏమరుపాటున జారిన ఒక గడ్డిపోచకు చెల్లించిన మూల్యం ఇది.

ఇప్పుడు ఒక మాట చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రితం పర్వదినం గడిచిన కొద్దికాలానికి మా వాడలో ఒక పాడి ఆవు మేత మానివేసినది. కడుపు ఉబ్బినది. పశువైద్యుడు వచ్చి చూచినా లాభం లేకపోయినది. చనిపోయిన తరువాత చూస్తే దాని కడుపులో చుట్టలు చుట్టుకొని ఉన్నవి పాలిథీన్ సంచులు. అన్నం వాసనకు సంచితోపాటు మింగినది పాపం. ఆ సంచులలో అన్నం మూటగట్టి పారవేసినవారు ఎవరు? గోపూజ చేసేవారే, గోవుకు ప్రదక్షిణం చేసేవారే. వారికి ఆ ఆవు చనిపోయిన సంగతే తెలియదు. స్నానం చేసి పుణ్యం మూటగట్టుకొని ఊరికి వెళ్ళిపోయారు. గౌతముడు గడ్డిపోచతో గోవును అదిలించి నదిని తెచ్చాడు. మనం నదికి వచ్చి గోవును చంపి పోతున్నాము.

"పారే నీటికి దోషం లేదు" అని పెద్దలు అన్నారు కదా అని కొందరు సమాధానం చెబుతారు. పెద్దల మాట సత్యమే. కాని ఆ మాటలో "పారే" అన్నది ముఖ్యం. వారి కాలంలో నది పారింది. వారు నదికి సమర్పించినది కూడా పువ్వులు, పసుపు, విస్తరాకులు, మట్టి ప్రమిదలు. నాలుగు దినాలలో నీటిలో నీరై, మట్టిలో మట్టియై పోయేవి. నేటి నది సంగతి వేరు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయినది. దానికి ఎగువన సింగూరు వచ్చినది. ఆ నీరు పొలాలకు, నగరాల దప్పికకు వినియోగమవుతున్నది. గోదావరి మీద మనకు ఎగువన బాబ్లీ ఉన్నది. 2013లో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచి ఉంచాలి. ఆ గడువు దాటిన తరువాత పైనుండి వచ్చే ధార సన్నబడుతుంది. దిగువన పోచంపాడులో శ్రీరాంసాగర్ నిండినప్పుడు దాని వెనుక నీరు ఈ దాకా వచ్చి నిలుస్తుంది. అనగా కార్తికం నుండి ఎండాకాలం దాకా ఇక్కడ ఉండేది నిలిచిన నీరు, లేదా ఇసుక. ఈ ఆనకట్టలను నేను నిందించటం లేదు. వాటి నీటితో పండిన అన్నమే మనం తింటున్నాము. నేను చెప్పేది ఒక్కటే. నది మునుపటివలె మోసుకొనిపోలేని స్థితిలో ఉన్నప్పుడు, మునుపెన్నడూ లేనంత బరువును మనం ఆమె తలమీద పెడుతున్నాము.

అయితే తీర్థానికి వచ్చినవారు ఎట్లు మెలగాలి? దీనికి సమాధానం కోసం దూరం పోనక్కరలేదు. మన బోధనే భారతంలోని ఏకచక్రపురమని ఈ ప్రాంతపు పెద్దల విశ్వాసం. లక్క ఇంటి నుండి తప్పించుకున్న పాండవులు బ్రాహ్మణ వేషాలలో ఏకచక్రపురానికి వచ్చి ఒక పేద విప్రుని ఇంట తలదాచుకున్నారు. వారు ఆ ఊరికి అతిథులు. ఒకనాడు లోపలి గది నుండి ఏడ్పు వినవచ్చినది. ఊరికి దగ్గరలో బకాసురుడున్నాడు. ప్రతిదినమూ ఒక ఇంటివారు బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటితోపాటు ఒక మనిషిని పంపాలి. ఆనాడు ఆ ఇంటి వంతు వచ్చినది.

కుంతీదేవి ఏమి చేసినదో గమనించండి. "మనం వచ్చినవారం, పోయేవారం, ఈ ఊరి గొడవ మనకెందుకు?" అనలేదు. తన కుమారుడు భీముణ్ణి పంపటానికి నిశ్చయించినది. ధర్మరాజు అభ్యంతరం చెబితే, ఈ ఇంటి నీడలో ఇన్నాళ్ళు సుఖంగా ఉన్నాము, పొందిన మేలుకు మించి తిరిగి చేయటమే మనిషి లక్షణమని ఆమె నచ్చచెప్పినది. ఇదీ అతిథి ధర్మం! అడుగుపెట్టిన ఊరి కష్టాన్ని తొలగించి పోవాలి. అది చేతకాకపోతే కనీసం కొత్త కష్టాన్ని పెట్టకుండా పోవాలి.

ఈ కథలో మనం సాధారణంగా గమనించని భాగం ఒకటి ఉన్నది. ఆ బ్రాహ్మణుడు కుంతితో తన దుఃఖం చెప్పుకుంటూ రాజును గురించి కూడా చెప్పాడు. మా రాజు వేరొకచోట ఉంటాడు, దుర్బలుడు, మమ్ము కాపాడే ఉపాయం ఆలోచించడని వాపోయాడు. రాజు పట్టించుకోలేదు. మరి ప్రజలు ఏమి చేశారు? రాక్షసుని వదిలించుకొనే మార్గం వెదకటం మాని వంతులు వేసుకున్నారు. ఎవరి బండి ఏనాడు పోవాలో చక్కగా ఏర్పాటు చేసుకున్నారు. అన్యాయానికి ఒక పద్ధతి ఏర్పడితే అది అన్యాయమని కూడా మరచిపోతాము. తన వంతు వచ్చిన ఇంట మాత్రమే ఏడ్పు వినిపిస్తుంది. తక్కిన ఇళ్ళలో పొయ్యి యథాప్రకారం వెలుగుతూనే ఉంటుంది.

నిర్ణయం ఒకచోట, వంతు మరొకచోట. ఇది మన సీమకు కొత్త కాదు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం బోధన్ శక్కర్‌నగర్‌కు ఆసియా అంతటా పేరు తెచ్చినది. చెరకు బండ్ల బారులు చూచిన కళ్ళు ఇంకా ఈ సభలో ఉన్నవి. 2002లో అది ప్రైవేటు యాజమాన్యం చేతికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. ఆ నిర్ణయాలలో చెరకు రైతు మాట ఎంత? గానుగాడే కాలంలో ఆ పొగగొట్టాన్ని చూచి ప్రొద్దు గుర్తుపట్టిన కార్మికుని మాట ఎంత? వంతు మాత్రం వారిదే అయినది.

తీర్థం విషయంలోనూ అంతే. పుష్కరుడు బృహస్పతితో కూడి గోదావరిలో 12 దినాలు విశేషంగా నివసిస్తాడని మన విశ్వాసం. అది 12 ఏళ్ళకొకసారి వచ్చే పర్వం. అంటే ఎప్పుడు వస్తుందో 12 ఏళ్ళు ముందుగానే తెలిసిన పర్వం. అయినా ఏర్పాట్లు ఆఖరి దినాలలోనే ఎందుకు పరుగెత్తుతాయి? మెట్లకు సిమెంటు, గోడలకు రంగు, దారికి తోరణం ముందు వస్తాయి. మరుగుదొడ్డి, స్త్రీలు బట్టలు మార్చుకొనే చాటు, చెత్త కుండీ, దానిని ఎత్తే మనిషి చివరకు వస్తారు, లేదా రారు. 13వ దినాన ఎవరూ ఉండరు. ఇక మంజీర గర్భం నుండి లారీలలో తరలిపోయే ఇసుక సంగతి మీ కందరికీ తెలిసినదే. ఇసుక నీటిని పట్టి ఉంచుతుంది, వడపోస్తుంది, ఒడ్డున ఉన్న బావులకు ఊట అందిస్తుంది. అది పోతే నదికి మిగిలేది గుంటలే. ఆ గుంటలలో దిగినవారి ప్రాణాలకు కూడా ముప్పే. ఏర్పాటు లోపిస్తే ఏమవుతుందో 2015 జూలై 14న రాజమహేంద్రవరం రేవులో లోకమంతా చూచినది. పుష్కరాల మొదటినాడే తొక్కిసలాటలో 27 ప్రాణాలు పోయినవి. పుణ్యం కోసం వచ్చినవారు కదా వారు!

ఇంతవరకు ఇతరులను అన్నాను. ఇప్పుడు నా సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకసారి ఒక యువకుడు తండ్రి అస్థికలు నిమజ్జనం చేసి, తండ్రి బట్టల మూటను నీటిలోకి విసరబోయాడు. నాకు కోపం వచ్చి గట్టిగా మందలించాను. అతడు నన్ను ఎదిరించలేదు. కళ్ళనీళ్ళతో, "అయ్యా, ఇవి ఇంటికి తిరిగి తీసుకొనిపోరాదని మా పెద్దలు చెప్పారు. ఎక్కడ పెట్టాలో మీరే చూపించండి" అన్నాడు. నేను నాలుగు దిక్కులా చూచాను. చూపించటానికి ఈ తీరమంతటా ఒక తొట్టి కూడా లేదు. నేను తలవంచుకున్నాను. ఆ మూట నా చేతికి తీసుకొని, ఉతికించి, పనికివచ్చేవి అవసరమైనవారికి ఇచ్చాను. ఆనాడు నాకు తెలిసినది. తొట్టి పెట్టమని ఇన్నేళ్ళలో నేను ఎవరినీ అడిగి ఉండలేదు. ఇంటిలో కూర్చొని విసుక్కున్నాను. విసుగు ధర్మం కాదు. నేను కూడా ఏకచక్రపురంలో వంతు రాని ఇంటివాడినే!

కనుక నాయనలారా, ఈ కార్తికంలో మూడు నియమాలు పట్టుదాం. మొదటిది యాత్రికులకు. నదిలో కరగనిది నదికి ఇవ్వవద్దు. ఆకు దొప్పలో దీపం వదలండి, గుడ్డ సంచిలో పూజాద్రవ్యం తెచ్చుకోండి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు అనేకం 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధమైనవి. చట్టం చెప్పకముందే శాస్త్రం శౌచం చెప్పినది. పటం పగిలితే నమస్కరించి చట్రం విడదీయండి, కాగితాన్ని అగ్నికి సమర్పించండి.

రెండవది ఈ ఊరివారికి. తీరంలో దుకాణం పెట్టినవారు పాలిథీన్ సంచి ఇవ్వకండి. యాత్రికుని నిందించేముందు అతనికి చోటు చూపించండి. విడిచిన బట్టలకు ఒక తొట్టి, పటాలకు ఒక అరుగు ఏర్పాటు చేద్దాం. పర్వదినం మరునాడు ఇంటికొక మనిషి చొప్పున ఇక్కడికి వద్దాం. వంతులు వేసుకోవటం మన ఏకచక్రపురానికి అలవాటే కదా! ఈసారి రాక్షసుని మేపటానికి కాక తల్లిని కడగటానికి వేసుకుందాం.

మూడవది అందరికీ. అడగండి. గోదావరి పుష్కరాలు 2027లో రానున్నవి. తోరణం ఎంత ఎత్తున కడతారని అడగవద్దు. 13వ దినాన చీపురు ఎవరి చేతిలో ఉంటుందని అడగండి. గ్రామసభలో అడగండి, ఓటు కోసం వచ్చినవారిని అడగండి, వినయంగా, విడువకుండా అడగండి. రాజు దుర్బలుడైతే ప్రజలు మౌనంగా ఉండాలని భారతం చెప్పలేదు.

ఈ సాయంత్రం దీపం వదలి ఇంటికి పోయేముందు ఒక్క పని చేయండి. మీరు తెచ్చిన సంచిని మీతోనే తీసుకొనిపోండి. దానితోపాటు మీది కాని సంచిని కూడా ఒకదానిని తీసుకొనిపోండి. పొందిన మేలుకు మించి చేయమన్న కుంతీదేవి మాట అంతమాత్రంతోనే కొంత చెల్లుతుంది. రేపు ఉదయం ఈ మెట్ల దగ్గరకు వచ్చే ఆవు నిర్భయంగా గడ్డి మేసి పోతుంది.

గౌతమీ మాత మనందరినీ అనుగ్రహించుగాక!

స్వస్తి.